మాక్ టెస్టు మార్కును మన రాష్ట్రం లెక్కలో చదవాలి: దంతవైద్య సీటు కోరే తెలుగు ఇళ్లకు కొన్ని వాస్తవాలు

2024 నీట్‌లో 600 మార్కులు తెచ్చుకున్న విద్యార్థికి అఖిల భారత ర్యాంకు 80 వేల చుట్టూ వచ్చింది. మరుసటి ఏడాది, అంటే 2025లో, 600 దాటిన వాళ్లు దేశం మొత్తం మీద 1,300 మంది చిల్లర మాత్రమే. ఒక్క ఏడాదిలో పిల్లల తెలివితేటలు ఇంతగా తారుమారు కావు. మారింది ప్రశ్నపత్రం. అయినా మన ఇళ్లలో ఇప్పటికీ వినిపించే ప్రశ్న ఒకటే: "మాక్ టెస్టులో ఎన్ని మార్కులొచ్చాయి?"

హోసూరులో, బళ్లారిలో, షోలాపూర్‌లో, బరంపురంలో, యానాంలో ప్రతి ఏడాదీ ఈ ప్రశ్న మీదే పెద్ద పెద్ద నిర్ణయాలు జరిగిపోతున్నాయి. అమ్మాయిని విజయవాడ పంపాలా? అబ్బాయిని లాంగ్‌టర్మ్‌లో చేర్చాలా? పొలం మీద అప్పు తేవాలా? బీడీఎస్ చాలనుకుని ఆగాలా, ఎంబీబీఎస్ కోసం ఇంకో ఏడాది కూర్చోబెట్టాలా? వీటన్నిటికీ ఆధారం గోడకు అంటించిన నాలుగైదు మాక్ మార్కులే. ఆ మార్కులు ఏం చెబుతాయో, ఏం చెప్పవో తెలుసుకోకుండా తీసుకునే నిర్ణయానికి మూల్యం ఒక ఏడాది కావచ్చు, కొన్ని లక్షలు కావచ్చు, కొన్నిసార్లు సొంత రాష్ట్రంలో ఉన్న హక్కే కావచ్చు.

మేం చెప్పదలచినది ఒక్కటే. ప్రాక్టీసు మార్కును ముందు ర్యాంకుగా మార్చుకోవాలి. ఆ ర్యాంకును మనం స్థిరపడిన రాష్ట్రపు సీట్ల జాబితా పక్కన పెట్టి చూడాలి. హైదరాబాద్‌లోని మేనమామ కొడుకు మార్కుతోనో, కోచింగ్ సెంటరు గోడ మీది కటాఫ్‌తోనో పోల్చుకుంటే మన లెక్క తప్పుతుంది.

ఒకే పరీక్ష, వేర్వేరు జాబితాలు

మన దేశంలో బీడీఎస్‌కు వేరే ప్రవేశ పరీక్ష లేదు. ఎంబీబీఎస్‌కు రాసే నీట్ యూజీయే దీనికీ ఆధారం. ప్రశ్నలు 180, మార్కులు 720. జీవశాస్త్రం 90, భౌతికశాస్త్రం 45, రసాయనశాస్త్రం 45. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. పెన్నుతో ఓఎంఆర్ పత్రం మీద, మధ్యాహ్నం 2 నుంచి 5 గంటల వరకు మూడు గంటల పరీక్ష. 2025లో ఈ పద్ధతిలోనే జరిగింది.

అర్హతకు జనరల్ వర్గం వారు 50వ పర్సంటైల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వారు 40వ పర్సంటైల్ దాటాలి. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు, మన వెనక ఎంతమంది ఉన్నారనే లెక్క. అందుకే జనరల్ అర్హత మార్కు 2023లో 137 ఉంటే, 2024లో 162కు పెరిగి, 2025లో మళ్లీ 144కు దిగింది. 2025లో పరీక్ష రాసిన 22 లక్షల మందిలో 12.36 లక్షల మంది అర్హత సాధించారు. దేశంలోని 300కు పైగా దంతవైద్య కళాశాలల్లో ఉన్న బీడీఎస్ సీట్లు 27 వేల పైచిలుకు. అంటే అర్హత మార్కు గుమ్మం వరకే తీసుకెళ్తుంది. లోపల కుర్చీ దొరుకుతుందా లేదా అన్నది ర్యాంకు, రాష్ట్రం, వర్గం, ఫీజు స్తోమత కలిసి తేలుస్తాయి.

ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటా కింద ఎంసీసీ భర్తీ చేస్తుంది. డీమ్డ్ విశ్వవిద్యాలయాల సీట్లు కూడా ఆ కౌన్సెలింగులోనే ఉంటాయి. మిగిలిన 85 శాతం ప్రభుత్వ సీట్లు ఆయా రాష్ట్రాలవి. కర్ణాటకలో కేఈఏ, తమిళనాడులో వైద్య విద్య ఎంపిక సంఘం, మహారాష్ట్రలో సీఈటీ సెల్, ఒడిశాలో ఓజేఈఈ, యానాం ఉన్న పుదుచ్చేరిలో సెంటాక్ వీటిని పంచుతాయి. మన పిల్లలకు అసలు దారి ఈ 85 శాతంలోనే ఉంది.

మార్కు నుంచి ర్యాంకుకు

మాక్ మార్కును ర్యాంకుగా మార్చుకోవడానికి ఖర్చులేని పద్ధతి ఒకటుంది. కోచింగ్ సంస్థల పేపర్లను కాసేపు పక్కన పెట్టి, అసలు నీట్ పాత పేపర్లు మూడు తీసుకోవాలి: 2023, 2024, 2025. పిల్లలు ముందే చూసేసిన పేపరైతే దాన్ని వదిలి ఇంకో ఏడాదిది తీసుకోవాలి. ఒక్కో ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకు ఒక్కో పేపరు, ఫోను వేరే గదిలో పెట్టి, ఓఎంఆర్ మీద రాయించాలి. వచ్చిన మార్కుకు ఆ ఏడాదే ఏ ర్యాంకు వచ్చిందో చూడాలి. 2025 పేపరులో వచ్చిన మార్కును 2024 ర్యాంకుల పట్టిక పక్కన పెట్టడం కొలబద్ద మార్చి గుడ్డ కొలవడం లాంటిది.

మూడు పేపర్లకు మూడు ర్యాంకులు వస్తాయి. అవి ఒకే అంకె కావు, కానక్కర్లేదు కూడా. వాటిలో మెరుగైనదానికీ, బలహీనమైనదానికీ మధ్య ఉన్న దూరమే మన పిల్లల ప్రస్తుత స్థానం. ఇంట్లో సాధారణంగా అన్నిటికంటే ఎక్కువ వచ్చిన మార్కే అందరికీ గుర్తుంటుంది. చుట్టాలకు చెప్పేదీ అదే. నిర్ణయానికి పనికొచ్చేది మాత్రం చివరి నాలుగైదు పూర్తి పరీక్షల సగటు.

పాత పేపర్లతో రెండు జాగ్రత్తలు అవసరం. 2021 నుంచి 2024 వరకు పేపరులో 200 ప్రశ్నలు ఉండేవి. భౌతిక, రసాయన, వృక్ష, జంతు శాస్త్రాల్లో ఒక్కోదానికి 35 తప్పనిసరి ప్రశ్నలు, ఆపైన 15లో 10 ఎంచుకునే వీలు. 2022 నుంచి 2024 వరకు సమయం కూడా 200 నిమిషాలు. 2025లో ఆ ఎంపిక పోయింది, అదనపు 20 నిమిషాలూ పోయాయి. కాబట్టి 2023 పేపరును అప్పటి పద్ధతిలోనే రాస్తే ఆ ఏడాది ర్యాంకు సరిగ్గా తెలుస్తుంది. అదే పేపరును రేపటి పరీక్షకు సాధనగా వాడాలంటే మాత్రం రెండో భాగంలో మొదటి 10 ప్రశ్నలే ఉన్నాయనుకుని, 180 నిమిషాల్లో ముగించాలి. అలా రాసినప్పుడు మార్కులు తగ్గితే కంగారు పడొద్దు. సమయం ఒత్తిడి ఎంతో అప్పుడే తెలుస్తుంది.

రెండో జాగ్రత్త సిలబస్. 2024 పరీక్ష నుంచి సిలబస్‌ను సవరించి కొన్ని అంశాలు తీసేశారు. 2023, అంతకు ముందు పేపర్లలో ఆ అంశాల ప్రశ్నలు ఉంటాయి. వాటిలో పోయిన మార్కులను లోపంగా లెక్కించకూడదు.

కోచింగ్ సెంటర్ల వారాంతపు పరీక్షల విషయం వేరు. రెండు మూడు పాఠాల మీద పెట్టే పరీక్షలో 720కి లెక్కకట్టి ఇచ్చే మార్కు, పూర్తి సిలబస్ మార్కుకు ఎప్పుడూ సమానం కాదు. నిన్న చదివిందే నేడు రాస్తారు కాబట్టి ఎక్కువ వస్తుంది. మరోవైపు కొన్ని సంస్థలు పేపరును కావాలనే కఠినంగా ఇస్తాయి. అక్కడ 380 వచ్చిన పిల్లలు అసలు పేపరులో అంతకంటే బాగా రాయవచ్చు. అందుకే అలాంటి పరీక్షలను ఏ పాఠం రాలేదో తెలుసుకోవడానికి వాడుకోవాలి. సీటు వస్తుందా రాదా అని జోస్యం చెప్పుకోవడానికి అవి పనికిరావు.

ఒకే మార్కు, రెండు జబ్బులు

ఇద్దరు పిల్లలకు ఒకే మాక్‌లో 440 వచ్చాయనుకుందాం. మొదటి అబ్బాయి 160 ప్రశ్నలు ముట్టుకున్నాడు. 120 సరైనవి, 40 తప్పు. 480లో 40 పోగా 440. రెండో అమ్మాయి 135 ప్రశ్నలే రాసింది. 115 సరైనవి, 20 తప్పు. 460లో 20 పోగా 440. మార్కు ఒక్కటే అయినా చికిత్స వేరు. అబ్బాయికి తొందర ఎక్కువ, పట్టు తక్కువ. అతను ఆ 40 తప్పుల్లో సగం వదిలేసినా 20 మార్కులు చేతికొస్తాయి. అమ్మాయికి పట్టు ఉంది, వేగం లేదు. వదిలేసిన 45 ప్రశ్నల్లో ఎన్ని తెలియక వదిలింది, ఎన్ని సమయం చాలక వదిలింది అని చూడాలి.

అందుకే ప్రతి మాక్ తర్వాత తప్పులను నాలుగు కుప్పలుగా విడదీయమని మేం చెబుతాం. పాఠం తెలియక పోయినవి. తెలిసీ లెక్కలోనో, చదవడంలోనో పొరపడినవి. ఊహించి పెట్టినవి. ఓఎంఆర్‌లో వృత్తం తప్పు దిద్దినవి. మొదటి కుప్ప పెద్దదైతే ఇంకా మాక్‌లు రాయించి లాభం లేదు, పుస్తకానికి తిరిగి వెళ్లాలి. రెండో కుప్ప పెద్దదైతే మాక్‌లు తప్పక ఉపయోగపడతాయి. రోజుకో మాక్ రాయించి ఒక్కదాన్నీ విశ్లేషించకపోవడం, రోజూ జ్వరం చూసి మందు వేయకపోవడమే.

ఊహించి రాయడం గురించి మన ఇళ్లలో భయం ఎక్కువ. లెక్క చూద్దాం. నాలుగు జవాబుల్లో గుడ్డిగా ఒకటి పెడితే, సగటున ప్రశ్నకు పావు మార్కు లాభం. అంత చిన్న లాభం అదృష్టం బాగోకపోతే నష్టంగా మారుతుంది. అదే రెండు జవాబులు కచ్చితంగా తప్పని తెలిసి, మిగిలిన రెండింటిలో ఒకటి పెడితే సగటున ఒకటిన్నర మార్కు లాభం. అలాంటి ప్రశ్నలు పది ఉంటే 15 మార్కులు. కాబట్టి "మైనస్ ఉంది, ముట్టుకోకు" అనే సలహా పూర్తిగా సరైనది కాదు. రెండు జవాబులు కొట్టేయగలిగినప్పుడు రాయాలి, లేనప్పుడు వదలాలి. ఈ విచక్షణను మాక్‌లలోనే అలవాటు చేసుకోవాలి. పరీక్ష హాలులో కొత్తగా నేర్చుకునేది కాదు.

పేపరు ఏ భాషలో వస్తుంది?

నీట్‌ను తెలుగుతో కలిపి 13 భాషల్లో నిర్వహిస్తున్నారు. ఇంగ్లిష్, హిందీ, ఉర్దూ పేపర్లు దేశంలో ఏ కేంద్రంలోనైనా దొరుకుతాయి. ప్రాంతీయ భాషల పేపర్లు ఆ భాషా రాష్ట్రాల కేంద్రాలకే పరిమితం. తెలుగు పేపరు కావాలంటే కేంద్రం ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉండాలి. తమిళనాడు కేంద్రంలో తమిళం, కర్ణాటకలో కన్నడం, మహారాష్ట్రలో మరాఠీ, ఒడిశాలో ఒడియా ఉంటాయి. వీటిలో ఎక్కడా తెలుగు ఉండదు. పుదుచ్చేరి తమిళం కిందికి వస్తుంది కాబట్టి, తెలుగు పేపరు కావాలనుకునే యానాం పిల్లలు కాకినాడ వంటి ఆంధ్ర కేంద్రాన్ని ఎంచుకోవాలి.

మన ఇళ్లలో మాట తెలుగు, బడి ఇంకో భాష. విజయవాడ నుంచి తెప్పించిన తెలుగు మాధ్యమం ప్రశ్నల పుస్తకాలతో సాధన చేసి, చెన్నైలోనో బెంగళూరులోనో ఇంగ్లిష్ పేపరు రాస్తే ఆ సాధన మార్కుకు అర్థం తగ్గుతుంది. "కిరణజన్య సంయోగక్రియ" అని తెలుగులో టక్కున గుర్తుపట్టే పిల్ల ఇంగ్లిష్ ప్రశ్నలో అరక్షణం తడబడుతుంది. 180 ప్రశ్నలకు 180 నిమిషాలున్న చోట ఆ అరక్షణాలు కలిసి కొన్ని ప్రశ్నలను మింగేస్తాయి. మాక్ కూడా అసలు పరీక్ష భాషలోనే రాయాలి.

ప్రాంతీయ భాష ఎంచుకున్న వారికి ఇచ్చే ప్రశ్నపత్రంలో ఇంగ్లిష్ కూడా ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ పాఠమే అంతిమం. 2018లో తమిళ పేపరులోని 49 ప్రశ్నల అనువాదంలో తప్పులున్నాయని మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనం 196 మార్కులు కలపమంది. సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసి, తర్వాత కొట్టేసింది. అంటే అనువాదం తప్పయినా భారం విద్యార్థి మీదే పడింది. తమిళం, కన్నడం, ఒడియా పేపరు ఎంచుకునే మన పిల్లలు ప్రశ్న అర్థం కానప్పుడు వెంటనే పక్కనున్న ఇంగ్లిష్ వాక్యం చదివే అలవాటును మాక్‌లలోనే చేసుకోవాలి.

కోచింగ్ కోసం ఊరు దాటే ముందు

అసలు ప్రమాదం ఇక్కడుంది. పదో తరగతి కాగానే పిల్లల్ని ఇంటర్మీడియట్ కోసం విజయవాడకో హైదరాబాద్‌కో పంపడం మనలో చాలా ఇళ్లకు అలవాటు. భాష కలుస్తుంది, చుట్టాలున్నారు, పేరున్న కాలేజీలున్నాయి. మాక్ మార్కులు పెరగవచ్చు కూడా. ఆ రెండేళ్లు సొంత రాష్ట్రంలో స్థానికతను ఏం చేస్తాయో చాలామంది అడగరు.

మహారాష్ట్ర నిబంధన కఠినంగా ఉంటుంది. 85 శాతం రాష్ట్ర కోటాకు నివాస ధ్రువపత్రంతో పాటు పదో తరగతి, పన్నెండో తరగతి రెండూ ఆ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. కొన్ని ఉద్యోగ వర్గాల పిల్లలకు మాత్రం మినహాయింపులున్నాయి. నాలుగు తరాలుగా షోలాపూర్‌లో మగ్గాల మీద బతికిన ఇంటి పిల్లయినా, ఇంటర్ హైదరాబాద్‌లో చదివితే ఆ కోటా చేజారుతుంది.

మరి ఆంధ్ర, తెలంగాణల్లో స్థానికత వస్తుందా? అక్కడ 371(డి) కింద వచ్చిన నిబంధనల ప్రకారం అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస విద్యా సంవత్సరాల లెక్క ఉంది. 2024లో తెలంగాణ తెచ్చిన నిబంధన కూడా నాలుగేళ్ల చదువునే అడుగుతోంది. 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. రెండేళ్ల ఇంటర్‌తో అక్కడ స్థానికులం కాలేం. ఇక్కడ హక్కు పోయి, అక్కడ హక్కు రాక, రెంటికీ చెడ్డ రేవడి పరిస్థితి అవుతుంది. మాక్‌లో పెరిగిన 50 మార్కులు ఈ నష్టాన్ని పూడ్చలేవు.

కర్ణాటకలో కొంత వెసులుబాటు ఉంది. ఒకటి నుంచి పన్నెండో తరగతి మధ్య కనీసం ఏడేళ్లు రాష్ట్రంలో చదివి, ఎస్సెస్సెల్సీ లేదా రెండో పీయూసీలో ఒకటి అక్కడే ఉత్తీర్ణులై ఉంటే కేఈఏ ప్రభుత్వ సీట్లకు అర్హులు. బళ్లారి, రాయచూరు, కొప్పళ, యాదగిరి, కలబురగి, బీదర్, విజయనగర ప్రాంతపు తెలుగు ఇళ్లకు మరో తలుపు ఉంది: 371(జె). ఆ ప్రాంతపు విద్యాసంస్థల్లో 70 శాతం సీట్లు, మిగిలిన రాష్ట్రంలో 8 శాతం సీట్లు స్థానికులకు కేటాయిస్తారు. ఇది భాషను బట్టి కాదు, స్థానికతను బట్టి వచ్చే హక్కు. బళ్లారిలోనే ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. 371(జె) అర్హత పత్రం చేతిలో ఉన్న విద్యార్థి ర్యాంకును, అది లేని బెంగళూరు విద్యార్థి ర్యాంకుతో పోల్చడంలో అర్థం లేదు.

తమిళనాడులో ఆరు నుంచి పన్నెండు వరకు రాష్ట్రంలోనే చదివిన వారికి స్థానికత రుజువు తేలిక. మధ్యలో బయట చదివితే నేటివిటీ ధ్రువపత్రం చూపాలి. ఆరు నుంచి పన్నెండు వరకు ప్రభుత్వ బడుల్లో చదివిన వారికి 2020 చట్టం ప్రకారం 7.5 శాతం సీట్లు ప్రత్యేకం. బీడీఎస్‌కు కూడా ఇది వర్తిస్తుంది. కృష్ణగిరి, తిరువళ్లూరు జిల్లాల సర్కారు బడుల్లో చదివే తెలుగు పిల్లలూ ఇందులో ఉన్నారు. ఆ జాబితాలో సీటు దొరికే ర్యాంకు సాధారణ జాబితాకు ఎంతో దూరంగా ఉంటుంది. అలాంటి పిల్లను చివరి రెండేళ్లకు సరిహద్దు దాటించి ప్రైవేటు కాలేజీలో వేస్తే ఆ అవకాశం మూసుకుపోతుంది. పుదుచ్చేరిలోనూ 2023 నుంచి ప్రభుత్వ బడి పిల్లలకు 10 శాతం ఇస్తున్నారు. యానాం ప్రాంతానికి సెంటాక్‌లో విడిగా ఒక చిన్న వాటా ఉంది. యానాం పిల్లలు తమ మాక్ ర్యాంకును ఆ వాటాలో గత ఏడాది చివరి సీటు దొరికిన ర్యాంకుతో పోల్చాలి, కాకినాడ జాబితాతో కాదు.

తెలుగు మైనారిటీ సీటు

భాషా మైనారిటీని నిర్ణయించడానికి రాష్ట్రమే యూనిట్ అని 2002లో టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. అందువల్లే ఆంధ్రలో మెజారిటీ అయిన తెలుగువాడు చెన్నైలో, బెంగళూరులో మైనారిటీ. తమిళనాడు, కర్ణాటకల్లో తెలుగు భాషా మైనారిటీ హోదా ఉన్న ప్రైవేటు దంతవైద్య కళాశాలలున్నాయి. వాటిలో కొంత వాటా ఆ రాష్ట్రపు తెలుగు మైనారిటీ విద్యార్థులకు దక్కుతుంది.

ఇక్కడ మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, మైనారిటీ సీటుకైనా నీట్ తప్పదు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. రెండోది, హోదా పోటీని తగ్గించవచ్చు గానీ ఫీజును తగ్గించదు. ఇవి ప్రైవేటు కళాశాలలే. మూడోది, తెలుగు మాతృభాష అని కాగితం మీద చూపాలి. మన పిల్లల బడి రికార్డుల్లో, టీసీల్లో మాతృభాష దగ్గర తమిళమనో కన్నడమనో రాసి ఉండటం కొత్త కాదు. చేర్పించిన రోజు ఎవరూ పట్టించుకోరు, కౌన్సెలింగు రోజున పరుగులు పెడతారు. ఏ అధికారి ఇచ్చిన ఏ పత్రం కావాలో ఆ ఏడాది బులెటిన్‌లో చూసి, పిల్లలు పదకొండో తరగతిలో ఉండగానే సరిచేయించుకోవాలి. మనం అడగక మిగిలిపోయిన సీటు మన కోసం కాచుకుని ఉండదు, ఇతరులకు మళ్లిస్తారు.

ఎంబీబీఎస్ గీతతో బీడీఎస్‌ను కొలవొద్దు

కోచింగ్ సెంటరు గోడ మీద గీసే ఎర్ర గీత దాదాపు ఎప్పుడూ ప్రభుత్వ ఎంబీబీఎస్‌ది. దాని కింద పడ్డ ప్రతి మాక్ మార్కూ ఓటమిలా కనిపిస్తుంది. బీడీఎస్ సీట్లు దానికి చాలా కింది ర్యాంకుల వరకు నడుస్తాయి. 2020-21లో 7 వేలకు పైగా బీడీఎస్ సీట్లు ఖాళీగా మిగిలితే, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అర్హత పర్సంటైల్‌ను 10 మేర తగ్గించమని ఆదేశించింది. ఫీజులు తగ్గించే విషయం ఆలోచించమని ప్రైవేటు కళాశాలలకూ చెప్పింది. అలాంటి తగ్గింపు ప్రతి ఏడాదీ వస్తుందని నమ్ముకోకూడదు. అయితే చివరి విడత కౌన్సెలింగు వరకు ఓపిక పట్టాలన్నది మాత్రం అందులోని పాఠం.

సీట్లు మిగలడానికి కారణమూ తెలుసుకోవాలి. బీడీఎస్ నాలుగేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ప్రైవేటులో ఫీజు లక్షల్లో. బయటికొచ్చాక మొదటి ఉద్యోగాల జీతాలు తక్కువ. సొంత క్లినిక్‌కు కుర్చీ, ఎక్స్‌రే, పరికరాల పెట్టుబడి కావాలి. ఎండీఎస్ చేయాలంటే మళ్లీ నీట్. కాబట్టి ప్రభుత్వ బీడీఎస్ సీటుకు ఒక లెక్క, అప్పు చేసి కొనే ప్రైవేటు సీటుకు ఇంకో లెక్క. మాక్ ర్యాంకు మొదటి జాబితాకు దగ్గరగా ఉంటే ఇంకొంత శ్రమ పెట్టడంలో అర్థం ఉంది. రెండో జాబితాకే అందుతుంటే, ఐదేళ్ల ఫీజు మొత్తం కాగితం మీద రాసుకున్నాకే ఇంట్లో మాట్లాడుకోవాలి. పంటి వైద్యం మీద పిల్లలకు నిజంగా ఇష్టం ఉందా అన్నది కూడా అప్పుడే అడగాలి.

లాంగ్‌టర్మ్ నిర్ణయానికీ మాక్‌లు కొంత దారి చూపుతాయి. చివరి మూడు నెలల్లో సగటు పెరుగుతూ ఉండి, పోయిన మార్కుల్లో ఎక్కువ భాగం పొరపాట్ల వల్లా, సమయం చాలకా పోయినవైతే ఇంకో ఏడాదికి ఫలితం ఉండవచ్చు. సగటు కదలకుండా, తెలియని పాఠాల కుప్ప అలాగే ఉంటే, అదే పద్ధతిలో ఇంకో ఏడాది చదివినా పెద్ద తేడా రాదు. పద్ధతైనా మారాలి, లక్ష్యమైనా మారాలి.

ఈ నెలలో చేయాల్సిన పని

2023, 2024, 2025లలో నీట్ మే నెల మొదటి ఆదివారమే జరిగింది. ఇంట్లో పన్నెండో తరగతి పిల్లలుంటే ఇప్పుడే ఒక పెద్ద కాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో అసలు నీట్ పేపర్లలో వచ్చిన మార్కులు, ఆయా ఏడాదుల ర్యాంకులు. రెండో గడిలో మన రాష్ట్ర కౌన్సెలింగు సంస్థ ప్రకటించిన గత ఏడాది కేటాయింపుల్లో, మన వర్గానికి ప్రభుత్వ బీడీఎస్, ప్రైవేటు బీడీఎస్, తెలుగు మైనారిటీ సీటు చివరగా ఏ ర్యాంకుకు దొరికాయో. మూడో గడిలో నివాసం, చదువు, కులం, 371(జె), మాతృభాష, ఈ పత్రాల్లో ఏవి చేతిలో ఉన్నాయో, ఏవి తేవాలో.

సాధనకు డబ్బే అడ్డంకి అనుకునే ఇళ్లకు రెండు దారులున్నాయి. ఎన్టీఏ పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి. కేంద్ర విద్యాశాఖ, ఐఐటీ కాన్పూర్ కలిసి నడిపే సాథీ వేదికలో నీట్ పాఠాలు, పరీక్షలు కూడా ఉచితమే. బరంపురం, భివండి, బళ్లారి, హోసూరు లాంటి చోట్ల మన తెలుగు సంఘాల భవనాలు ఆదివారాలు పెళ్లిళ్లు లేనప్పుడు ఖాళీగా ఉంటాయి. నెలకు రెండు ఆదివారాలు మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు అక్కడ పిల్లలందరినీ కూర్చోబెట్టి ఓఎంఆర్ మీద పూర్తి పేపరు రాయిస్తే, హాలు భయం పోతుంది. గోడ గడియారం, జిరాక్స్ కాగితాలు, చూసుకోవడానికి ఒక పెద్దమనిషి ఉంటే చాలు. పరీక్షయ్యాక అదే హాల్లో పత్రాల గురించి తెలిసినవారు తల్లిదండ్రులకు అరగంట చెబితే, కౌన్సెలింగు వేళ తహసీల్దారు కార్యాలయం ముందు నిలబడే ఇళ్లు తగ్గుతాయి.